వీర్యం నాణ్యతను ల్యాబులో నిజంగా పెంచగలరా? అదనపు పద్ధతులకు డబ్బు కట్టే ముందు ఒక సందేహం

ఆటోనగర్_వెల్డర్ (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. మాది విజయవాడ కృష్ణలంక. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పన్నెండేళ్లుగా వెల్డింగు చేస్తున్నాను. నాకు 34 ఏళ్లు, మా ఆవిడకు 29. పెళ్లయి ఐదేళ్లు దాటింది. ఈ ఐదేళ్లలో స్కానింగులు, రక్తపరీక్షలు, ట్యూబుల ఎక్స్‌రే అన్నీ ఆవిడకే జరిగాయి. నాకు వీర్యపరీక్ష రాసింది మాత్రం పోయిన నెలలోనే. రాసిన తర్వాత కూడా నేను రెండు వారాలు వాయిదా వేశానని ఒప్పుకోవాలి.

రిపోర్టులో పరిమాణం 2.5 మిల్లీలీటర్లు, కౌంట్ మిల్లీలీటరుకు 90 లక్షలు, ముందుకు కదిలే కణాలు 18 శాతం, సరైన ఆకృతి గలవి 2 శాతం అని ఉంది. ఆసుపత్రిలో నేరుగా ఇక్సీ (ఒక్కో శుక్రకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతి) చేయించుకోమన్నారు. దానికి తోడు మరో 35 వేల రూపాయలు కడితే ‘చిప్’ పద్ధతిలో గానీ ‘మ్యాక్స్’ పద్ధతిలో గానీ కణాల నాణ్యతను పెంచి అప్పుడు అండంలోకి ఎక్కిస్తామని అక్కడి కౌన్సెలర్ చెప్పారు. నాణ్యత పెంచడం అంటే ల్యాబులో అసలేం చేస్తారు? పాడైన కణం బాగవుతుందా, లేక బాగున్నవాటిని ఏరడాన్నే పెంచడం అంటున్నారా? తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

గాజునాళిక

నేను ఈ ఊళ్లోనే ఒక ఐవీఎఫ్ ల్యాబులో ఎంబ్రియాలజిస్టుగా పని చేస్తున్నాను. మీ చివరి వాక్యంలోనే జవాబు ఉందండీ. మేము చేసేది ఏరడమూ, ఏరినవాటిని పాడు కాకుండా కాపాడటమూ మాత్రమే. శుక్రకణం తయారయ్యేసరికి దాని తలలోని డీఎన్‌ఏ ప్రోటమిన్లనే ప్రొటీన్ల చుట్టూ బిగుసుకుపోయి ఉంటుంది. తెగిన పోగును తానే అతికించుకునే ఏర్పాటు అప్పటికి దానిలో మిగలదు. ఆ మరమ్మతు కొంతవరకు జరిగేది ఫలదీకరణం తర్వాత అండం లోపలే, అది కూడా అండం వయసును బట్టి. మీ ఆవిడకు 29 ఏళ్లే కావడం ఇక్కడ మీకు కలిసొచ్చే విషయం.

ఇక ల్యాబులో జరిగేది చెబుతాను. నమూనా రాగానే 37 డిగ్రీల వద్ద ఉంచి, చిక్కగా ఉన్న వీర్యం పలచబడే వరకు ఆగుతాము. సాధారణంగా 15 నిమిషాల నుంచి గంటలోపు అది జరుగుతుంది. ఆ తర్వాత దాన్ని ఎంత త్వరగా వీర్యద్రవం నుంచి వేరు చేస్తే అంత మంచిది, ఎందుకంటే చనిపోయిన కణాలూ, తెల్లరక్తకణాలూ విడుదల చేసే ఆక్సిజన్ రాడికల్స్ పక్కనున్న మంచి కణాల పొరను, డీఎన్‌ఏను దెబ్బతీస్తూనే ఉంటాయి. వాషింగ్ అంటే సబ్బునీళ్లలో కడగడం వంటిదని చాలామంది అనుకుంటారు గాని, అది ప్రధానంగా ఈ వేరుచేయడమే. వేరు చేయని వీర్యాన్ని గర్భాశయంలోకి నేరుగా పంపితే అందులోని ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాల వల్ల తీవ్రమైన నొప్పి వస్తుంది. ఐయూఐకి (వీర్యాన్ని గొట్టంతో గర్భాశయంలోకి పంపే చికిత్సకు) కూడా వాషింగ్ తప్పనిసరి కావడానికి అదొక కారణం.

ఎక్కువగా వాడేవి రెండు పద్ధతులు. మొదటిది గ్రేడియెంట్. గొట్టం అడుగున 80 శాతం, దానిపైన 40 శాతం సిలికా ద్రావణాన్ని పొరలుగా పోసి, అన్నిటికంటే పైన వీర్యాన్ని ఉంచి, భూమ్యాకర్షణకు 300 నుంచి 400 రెట్ల బలంతో 15 నుంచి 30 నిమిషాలు తిప్పుతాము. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టినప్పుడు గట్టిగింజ దగ్గర్లో పడి తాలు దూరంగా పోయినట్టే, పరిపక్వమైన, తల దట్టంగా ఉన్న కణాలు పొరలు దాటి అడుక్కు చేరతాయి. మృతకణాలు, మడ్డి పై పొరల్లో చిక్కుకుపోతాయి. రెండవది స్విమ్ అప్. వీర్యం మీద మెల్లగా పోషక ద్రవాన్ని పోసి, గొట్టాన్ని 45 డిగ్రీలు వంచి సుమారు గంటసేపు 37 డిగ్రీల వద్ద ఉంచితే, ఈదగలిగినవి వాటంతట అవే పైకి వస్తాయి. కౌంట్ బాగా ఉన్నవారికి ఇది చక్కగా పని చేస్తుంది. మీలాంటి రిపోర్టుకు మేము గ్రేడియెంట్ వైపే మొగ్గుతాము, ఎందుకంటే స్విమ్ అప్‌లో చేతికి చిక్కే కణాల సంఖ్య బాగా తగ్గిపోతుంది.

మీ అంకెల లెక్క కూడా చూద్దాం. మొత్తం 2 కోట్ల 25 లక్షల కణాలు, అందులో ముందుకు కదిలేవి సుమారు 40 లక్షలు. వాషింగ్ తర్వాత వాటిలో ఒక భాగమే మిగులుతుంది కాబట్టి ఐయూఐకి అది బలహీనమైన సంఖ్య. ఇక్సీకి మాత్రం పది అండాలుంటే పది కణాలు చాలు. మీ డాక్టరు ఇక్సీ అనడంలో తర్కం ఉంది. తొందర ఉందా అన్నది వేరే ప్రశ్న.

వేదిక_నిర్వాహకులు

దయచేసి ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు ఇక్కడ రాయవద్దు. రిపోర్టు ఫొటోలు పెట్టేవారు రోగి పేరు, ఫోన్ నంబరు కనబడకుండా చూసుకోవాలి.

బ్రాడీపేట_శారద

తమ్ముడూ, నువ్వు ఒక్క రిపోర్టుతోనే ఇంత దూరం వచ్చావా అన్నది నా మొదటి ప్రశ్న. మాది గుంటూరు బ్రాడీపేట. ఏడేళ్ల క్రితం మాకూ ఇలాగే ఒక్క కాగితం చేతికిచ్చి, కౌంట్ 60 లక్షలే ఉంది, ఇక్సీ తప్ప మార్గం లేదన్నారు. మా వారికి డెంగ్యూ వచ్చి నెలన్నర కూడా కాలేదన్న సంగతి అక్కడ ఎవరూ అడగలేదు, మాకూ చెప్పాలని తోచలేదు. మా దూరపు బంధువైన ఒక డాక్టరమ్మ విని, తీవ్రమైన జ్వరం వచ్చిన తర్వాత రెండు మూడు నెలల వరకు కౌంట్ పడిపోయి ఉండవచ్చని, ఆగి మళ్లీ చేయించమని చెప్పారు. మూడు నెలల తర్వాత చేయిస్తే 3 కోట్లు పైన వచ్చింది.

అయితే దానితో మా కథ సుఖాంతమైందనుకోవద్దు. రెండు ఐయూఐలు విఫలమయ్యాయి, ఆ తర్వాత నాలోనే అండాల నిల్వ తక్కువగా ఉందని తేలింది, చివరికి ఇక్సీతోనే మా పాప పుట్టింది. నేను చెప్పేదల్లా, మొదటి కాగితాన్ని పట్టుకుని డబ్బు కట్టి ఉంటే అసలు కారణం మాకు తెలిసేది కాదు. ఇంకొక మాట. ఐదేళ్లు మీ ఆవిడను సూదులతో పొడిపించి, తనది రెండు వారాలు వాయిదా వేసిన మగవాడివి నువ్వొక్కడివే కాదు, మా వారు నాలుగు నెలలు వేశారు.

సందేహాల_శర్మ

నేను వైద్యుణ్ణి కాను. ఫార్మసీ కళాశాలలో పాఠాలు చెబుతాను కనుక పరిశోధనా పత్రాలు చదివే అలవాటుంది. రెండు విషయాలు చెప్పదలచాను.

రిపోర్టు పక్కన ‘నార్మల్’ అని ముద్రించే అంకెల గురించి మొదటిది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రచురించిన ఆరవ ముద్రణలో పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, కౌంట్ మిల్లీలీటరుకు 1 కోటి 60 లక్షలు, ముందుకు కదిలేవి 30 శాతం, సరైన ఆకృతి 4 శాతం అని ఉన్నాయి. ఇవి సంతానం కలిగేవారికీ కలగనివారికీ మధ్య గీసిన గీతలు కావు. ఏడాదిలోపు సహజంగా గర్భం వచ్చిన దంపతులలోని మగవారిని పరీక్షించి, వారిలో అట్టడుగున ఉన్న 5 శాతం ఎక్కడ మొదలవుతారో ఆ అంకెను తీసుకున్నారు. అంటే ఆ తండ్రులలోనే నూటికి ఐదుగురు ఒక్కో గీత కింద ఉన్నారు. నూటికి 96 కణాలు వంకరగా ఉన్నా ఆకృతి ‘నార్మల్’ అవుతుందన్న సంగతి చాలామందికి తెలియక, 2 శాతం అనగానే హడలిపోతారు.

రెండవది ఏరే పద్ధతుల సంగతి. హయలురోనన్ అనే పదార్థం పూసిన పళ్లెంపై అంటుకున్న కణాన్నే ఎంచుకునే పిక్సీ అనే పద్ధతిపై బ్రిటన్‌లో హ్యాబ్‌సెలెక్ట్ అనే పెద్ద పరీక్ష జరిగింది. 16 కేంద్రాలు, 2,772 జంటలు. ఫలితం 2019లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. నెలలు నిండి బిడ్డ పుట్టినవారు పిక్సీలో 27.4 శాతం, మామూలు ఇక్సీలో 25.2 శాతం; ఈ తేడా యాదృచ్ఛికం కాదని చెప్పడానికి చాలదు. గర్భస్రావాలు మాత్రం 7.0 నుంచి 4.3 శాతానికి తగ్గాయి, కాని అది పరీక్ష ప్రధానంగా తేల్చదలచిన విషయం కాదు. మ్యాక్స్‌కు, చిప్‌కు ఈ స్థాయి పరీక్ష కూడా ఇంకా లేదు. యూరప్‌లోని సంతాన వైద్యుల సంఘం ఈష్రే 2023లో ఇచ్చిన సిఫారసుల్లో వీటిని మామూలుగా అందరికీ వాడమని చెప్పలేదు.

గాజునాళిక

శర్మగారు చెప్పిన అంకెలతో నాకు పేచీ లేదు. అయితే మా బల్ల దగ్గర నుంచి చూస్తే ఒక చిన్న తేడా ఉంది, అది కూడా చెప్పాలి.

మ్యాక్స్ అంటే ఇదీ. కణం చావుకు సిద్ధమైనప్పుడు దాని లోపలి పొరలో ఉండవలసిన ఫాస్ఫటిడైల్ సెరీన్ బయటి పొరలోకి వస్తుంది. అనెక్సిన్ అనే ప్రొటీన్ తగిలించిన అతిచిన్న అయస్కాంతపు పూసలు దానికి అతుక్కుంటాయి. ఆ మిశ్రమాన్ని అయస్కాంత క్షేత్రంలో ఉన్న గొట్టం గుండా పంపితే అతుక్కున్నవి ఆగిపోతాయి, మిగిలినవి దాటిపోతాయి. చిప్ పద్ధతిలో సెంట్రిఫ్యూజ్ తిప్పడమే ఉండదు. సన్నని కాలువల గుండా ఈది అవతలికి చేరినవాటినే తీసుకుంటాము. పులస గోదావరికి ఎదురీదినట్టు అని మా సీనియర్ చెప్పేవారు, అయితే పులసకు ధర ఎక్కువైనట్టే దీనికీ ఎక్కువే. ఇలా తీసిన కణాలలో డీఎన్‌ఏ తెగినవి తక్కువగా ఉంటాయని ల్యాబు కొలతలు చూపిస్తున్నాయి. అది నిజమే. కాని పిల్లలు పుట్టే సంఖ్య పెరుగుతుందన్న గట్టి ఆధారం లేదు. డీఎన్‌ఏ తెగుదల ఎక్కువగా ఉందని పరీక్షలో తేలి, అంతకుముందు మామూలు ఇక్సీ విఫలమైన దంపతులకు మేము దీని గురించి చెబుతాము. మొదటిసారి వచ్చిన వారందరికీ ప్యాకేజీలో కలిపి అమ్మడం నాకు వ్యక్తిగతంగా నచ్చదు.

కణాన్ని ‘మెరుగుపరిచే’ పనికి అన్నిటికంటే దగ్గరగా వచ్చేది పెంటాక్సిఫిలిన్. రక్తప్రసరణకు వాడే ఈ మందును వృషణం నుంచి సూదితో తీసిన, కదలిక లేని కణాలకు కొద్ది నిమిషాలు తగిలిస్తే బతికి ఉన్నవి తోకాడిస్తాయి. అప్పుడు బతికున్నదేదో చచ్చినదేదో తెలుస్తుంది. తర్వాత మందును కడిగేస్తాము. ఇది కూడా డీఎన్‌ఏను బాగు చేయదు, నిద్రపోతున్నదాన్ని లేపుతుంది అంతే. ఆటోనగర్ గారికి 18 శాతం కదులుతూనే ఉన్నాయి కనుక దీని అవసరమే లేదు.

యార్డు_వెంకట్

మేము గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేస్తాము, ఊళ్లో సొంతంగా ఎనిమిదెకరాల మిరప కూడా ఉంది. మా తమ్ముడికి కౌంట్ తక్కువని తేలినప్పుడు ఎవరో పురుగుమందుల వల్ల కావచ్చన్నారు. అది పుకారా, నిజమా?

సందేహాల_శర్మ

వెంకట్ గారూ, అన్ని మందులనూ ఒకే గాట కట్టలేము గాని, పుకారు మాత్రం కాదు. 1977లో కాలిఫోర్నియాలోని లాథ్రోప్‌లో ఒక పురుగుమందుల కర్మాగారపు కార్మికులు తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదని తమలో తాము మాట్లాడుకుని పరీక్షలు చేయించుకున్నారు. నేలలోని నులిపురుగులను చంపే డీబీసీపీ అనే మందు తయారీలో పని చేసినవారిలో కౌంట్ బాగా తక్కువగానో, పూర్తిగా సున్నాగానో ఉన్నట్టు తేలింది. డాక్టర్లకంటే ముందు కార్మికులే కనిపెట్టిన సంగతి అది. ఇప్పుడు మిరపకు కొట్టే మందులు వేరు, వాటిలో దేని ప్రభావం ఎంతో ఒక్కొక్కదానికి విడిగా చూడాలి. చేతికి తొడుగులు, ముక్కుకు మాస్కు, గాలికి ఎదురుగా కొట్టకపోవడం, ఇంటికి రాగానే స్నానం చేసి బట్టలు మార్చడం అన్నవాటికి మాత్రం పరిశోధన కోసం ఎదురుచూడనక్కరలేదు.

నిలబెట్టి_చూసే_డాక్టరు

నేను ఈ జిల్లాలోనే యూరాలజిస్టును. పైన అన్ని మాటలూ జరిగాయి గాని, ఆటోనగర్ గారిని ఇంతవరకు ఎవరైనా మంచం మీద పడుకోబెట్టీ, నిలబెట్టీ పరీక్షించారా అన్నది ఎవరూ అడగలేదు. నా పేరు ఇలా పెట్టుకోవడానికి కారణం అదే.

వృషణాల పైనున్న సిరలు ఉబ్బడాన్ని వేరికోసీల్ అంటారు. సాధారణ మగవారిలో నూటికి 15 మందిలో, పిల్లలు కలగక వచ్చే మగవారిలో నూటికి 35 నుంచి 40 మందిలో ఇది కనిపిస్తుంది. ఎక్కువగా ఎడమవైపే వస్తుంది, నిలబడినప్పుడు బాగా తెలుస్తుంది. పడుకున్న మనిషికి స్కానింగు చేసి లేదని పంపేసినవారిలో నేను చాలా వేరికోసీళ్లు చూశాను. సూక్ష్మ శస్త్రచికిత్సతో సరిచేస్తే చాలామందిలో మూడు నుంచి ఆరు నెలల్లో కౌంట్, కదలిక మెరుగవుతాయి. ల్యాబు చేయలేని పని ఇది, ఎందుకంటే ఇక్కడ మారేది ఏరిక కాదు, తయారీ.

తయారీకి పట్టే కాలం కూడా తెలుసుకోవాలి. వృషణంలో మూలకణం నుంచి శుక్రకణం తయారు కావడానికి సుమారు 74 రోజులు, ఆపై ఎపిడిడైమిస్ నాళంలో పరిపక్వత చెందడానికి మరికొన్ని రోజులు పడతాయి. ఈ రోజు మీరు మానేసిన సిగరెట్టు ఫలితం మూడు నెలల తర్వాతి నమూనాలో కనిపించాలి. శారదగారి డెంగ్యూ కథ వెనుకా ఈ లెక్కే ఉంది.

వృషణాలు శరీరపు వేడి కంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తక్కువలో పని చేసేలా బయట వేలాడుతూ ఉంటాయి. మన బెజవాడ మే నెలలో, రేకుల షెడ్డు కింద, మందపాటి జీన్స్ వేసుకుని ఎనిమిది గంటలు వెల్డింగు మంట ముందు కూర్చుంటే అవి చల్లబడే దారి ఉండదు. వెల్డింగు పొగలోని లోహాల సంగతి అదనం. ఉద్యోగం మానమని నేను చెప్పను. వదులైన నూలు బట్టలు, మధ్యమధ్యలో లేచి నిలబడటం, గాలి తగిలే చోట పని, గుట్కా, మద్యం ఉంటే మానేయడం వంటివి చేయగలిగినవే.

మరో ముఖ్యమైన ప్రశ్న: జిమ్‌లో గాని, బలం కోసం గాని టెస్టోస్టిరాన్ సూదులు ఎప్పుడైనా తీసుకున్నారా? బయటి నుంచి ఆ హార్మోను అందితే మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి వృషణాలకు ఆజ్ఞలు పంపడం ఆపేస్తుంది, కౌంట్ సున్నాకు కూడా పడిపోవచ్చు. వారానికి ఒక టెస్టోస్టిరాన్ సూదిని మగవారి గర్భనిరోధకంగా వాడవచ్చునా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన పరీక్ష ఫలితాలు 1990లోనే వచ్చాయి. మగతనం పెరుగుతుందని తీసుకున్న సూదే మగవారి గర్భనిరోధకం అవుతుందని మా ఓపీకి వచ్చే కుర్రవాళ్లు ఒక పట్టాన నమ్మరు. ఆపిన తర్వాత చాలామందిలో తిరిగి వస్తుంది, కాని నెలలు పడుతుంది.

కౌంట్ 50 లక్షల కంటే తక్కువైతే క్రోమోజోముల పరీక్ష, వై క్రోమోజోములో ముక్కలు పోయాయేమో చూసే పరీక్ష రాస్తాము. మీకు 90 లక్షలున్నాయి కనుక ప్రస్తుతానికి అవి అక్కరలేదు. ఎఫ్‌ఎస్‌హెచ్ (వృషణాలకు పిట్యూటరీ పంపే హార్మోను), టెస్టోస్టిరాన్ రక్తపరీక్షలు చాలు.

ఆటోనగర్_వెల్డర్

డాక్టరు గారూ, సూదులేమీ తీసుకోలేదు. గుట్కా ఉంది, దాచడం ఎందుకు. నన్ను ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు, రిపోర్టు చూసి మాట్లాడారంతే. మెడికల్ షాపులో జింకు, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలు, ఇంకా నెలకు మూడు వేలయ్యే పొడి ఒకటి ఇచ్చారు. అవి వాడితే మూడు నెలల్లో ఫలితం ఉంటుందా?

సందేహాల_శర్మ

దీనికీ పెద్ద పరీక్ష జరిగింది. అమెరికాలో 2,370 జంటల్లో సగంమంది మగవారికి ఆరు నెలలపాటు రోజూ 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్, 30 మిల్లీగ్రాముల జింకు, మిగతా సగానికి మందులేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చి చూశారు. 2020లో జామా పత్రికలో వచ్చింది. బిడ్డ పుట్టినవారు మాత్రలు తీసుకున్నవైపు 34 శాతం, ఉత్తుత్తి మాత్రలవైపు 35 శాతం. డీఎన్‌ఏ తెగుదల మాత్రలు తీసుకున్నవారిలోనే కొద్దిగా ఎక్కువగా కనిపించింది. కడుపులో ఇబ్బందులూ వారికే ఎక్కువ. పొడి డబ్బాలో ఏముందో నాకు తెలియదు గాని, నెలకు మూడు వేలతో మీ ఇంటికి రోజూ పండ్లు వస్తాయి.

దోహా_నుంచి_గుంటూరోడు

చర్చకు కొంచెం పక్కగా ఒక ప్రశ్న. నేను ఏడాదికి నెల రోజులే ఇంటికి వస్తాను. వచ్చినప్పుడు వీర్యం దాచిపెట్టి వెళితే, మా ఆవిడకు చికిత్స తర్వాత చేయించవచ్చునా? దాస్తే నాణ్యత తగ్గుతుందా?

గాజునాళిక

దాచవచ్చు. గ్లిజరాల్ కలిసిన ద్రావణంతో కలిపి మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంచుతాము. కరిగించినప్పుడు కదలిక గణనీయంగా తగ్గుతుంది, చాలామందిలో సగం దాకా పోతుంది. అందుకే ఒకే సీసాలో కాక చిన్న గొట్టాల్లో విడివిడిగా దాచి, ఒకటి కరిగించి చూసి మిగిలినవాటిపై అంచనా వేస్తాము. ఇక్సీకి సాధారణంగా ఇబ్బంది ఉండదు. మీరు వెళ్లేలోపు రాతపూర్వక అంగీకార పత్రాలన్నీ సంతకాలై ఉండాలి. సంతాన సాఫల్య కేంద్రాలపై 2021లో వచ్చిన చట్టం కింద ఆ కేంద్రానికి రిజిస్ట్రేషను ఉందో లేదో కూడా అడగండి, అడిగితే చూపించాలి. క్యాన్సర్ చికిత్స మొదలవబోతున్న కుర్రవాళ్లకు కూడా ఇదే సలహా, వాళ్ల విషయంలో ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు.

ఆటోనగర్_వెల్డర్

మంగళవారం యూరాలజిస్టును కలవడానికి సమయం తీసుకున్నాను. రెండవ వీర్యపరీక్ష కూడా చేయించుకుంటాను. ఒక చిన్న ఇబ్బంది: మొదటిసారి ల్యాబులోని గదిలో, బయట జనం మాటలు వినబడుతుంటే చాలా అవస్థ పడ్డాను. ఇంట్లో సేకరించి తెస్తే తీసుకుంటారా? దానివల్ల రిపోర్టు పాడవుతుందా? ఎన్ని రోజులు దూరంగా ఉండాలో కూడా అప్పుడు చెప్పలేదు. నేను పది రోజులు ఉన్నాను, ఎక్కువైతే కౌంట్ పెరుగుతుందనుకుని.

బ్రాడీపేట_శారద

మా వారూ అలాగే అనుకుని రెండు వారాలు ఉన్నారు తమ్ముడూ. ఈ మాట గోడమీద పెద్ద అక్షరాలతో రాసిపెడితే ఆ ల్యాబుల సొమ్మేం పోతుందో నాకు అర్థం కాదు.

గాజునాళిక

రెండు నుంచి ఏడు రోజులు అన్నది నియమం. ఎక్కువ రోజులైతే సంఖ్య పెరుగుతుంది గాని, నాళంలో నిలవ ఉన్న పాత కణాల్లో చనిపోయినవి, డీఎన్‌ఏ తెగినవి ఎక్కువవుతాయి. కదలిక శాతం పడిపోతుంది. మీ 18 శాతంలో ఆ పది రోజుల వాటా ఎంతో రెండవ పరీక్షలో తెలుస్తుంది. ఈసారి మూడు రోజులు పెట్టుకోండి, రెండు పరీక్షలకూ మధ్య ఎన్నాళ్లు ఉండాలో మంగళవారం డాక్టరునే అడగండి.

ఇంట్లో సేకరించవచ్చు, ముందుగా ల్యాబుకు చెప్పి వాళ్లిచ్చిన డబ్బాలోనే తీయాలి. మామూలు కండోమ్ వాడకూడదు, అందులోని రసాయనాలు కణాలను చంపుతాయి. సబ్బు, నూనె, ఉమ్మి కూడా తగలకూడదు. మొదట వచ్చే చుక్కల్లోనే కణాలు ఎక్కువగా ఉంటాయి కాబట్టి అవి కింద పడిపోతే దాచకుండా చెప్పండి, మేము ఏమీ అనుకోము. డబ్బా మీద మీ పేరు, మీ ఆవిడ పేరు, సమయం మీ చేత్తోనే రాసి, ఇచ్చేటప్పుడు అవతలివారు వాటిని బయటికి చదివేదాకా కౌంటర్ దగ్గరే నిలబడండి.

గంటలోపు చేరాలి. కృష్ణలంక నుంచి గవర్నర్‌పేట వైపు ల్యాబులకు మామూలుగా ఇది పెద్ద దూరం కాదు గాని, బెంజి సర్కిల్ మీదుగా వెళ్లాల్సి వస్తే ఉదయం తొమ్మిదికి ముందే బయలుదేరండి. డబ్బాను బండి డిక్కీలో పెట్టవద్దు, ఎండాకాలంలో అది పొయ్యి అవుతుంది. ఏసీ కారులో గాలి తగిలే చోటా వద్దు, చలి కూడా కణాలకు దెబ్బే. చొక్కా లోపలివైపు, ఒంటికి ఆనించి తీసుకురండి.

ఆటోనగర్_వెల్డర్

ధన్యవాదాలండీ. చిప్‌కు అడిగిన 35 వేలు ఇప్పుడు కట్టడం లేదని ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాను. రెండవ రిపోర్టు రాగానే అంకెలు ఇక్కడ పెడతాను.